175 గ్రాముల డిస్క్ ఎడమకు పడిపోవడం ఎలా తగ్గింది: నా అనుభవం

అనంతపురం శివార్లలో వేరుశనగ పీకేసిన పొలంలో డిస్క్ గోల్ఫ్ (గుండ్రటి పళ్లెం లాంటి డిస్క్‌ను వీలైనన్ని తక్కువ విసుర్లలో బుట్టలో వేసే ఆట) సాధన చేసేటప్పుడు, ఛాంపియన్ అనే రకం ప్లాస్టిక్‌తో చేసిన నా 175 గ్రాముల ఇన్నోవా కంపెనీ డెస్ట్రాయర్ డిస్క్ ఎంత బలంగా విసిరినా సగం దూరమైనా వెళ్లకముందే ఎడమకు తిరిగి పడిపోయేది. లోపం డిస్క్‌లో లేదు. వేగాంకం (డిస్క్‌ను ఎంత వేగంగా విసరాలో సూచించే అంకె) 12 ఉన్న డ్రైవర్‌కు, అంటే దూరం విసిరే డిస్క్‌కు, కావలసినంత చేతి వేగం నాకు లేదు.

అదే రకంలో దాదాపు 160 గ్రాముల, స్టార్ అనే మరో రకం ప్లాస్టిక్ డిస్క్‌ను తీసుకుని, కుడిచేతి బ్యాక్‌హ్యాండ్‌తోనే (చేతిని ఛాతీకి అడ్డంగా వెనక్కి తీసుకెళ్లి విసిరే పద్ధతి) విసిరితే, అది మొదట కాస్త కుడికి ఒరిగి, చాలాసేపు తిన్నగా సాగి, చివర్లో మాత్రమే ఎడమకు వాలింది. ఎదురుగాలిలో తేలికది మరీ కుడికి ఒరిగిపోతుంది కనుక, బరువైనదాన్ని ఇప్పటికీ సంచిలో ఉంచుకుంటున్నాను.

డీఎక్స్ అనే చవకైన ప్లాస్టిక్ డిస్క్‌ కూడా వాడి చూశాను, కానీ ఎర్రమట్టిలోని గులకరాళ్లు తగిలి దాని అంచు వేలికి గరుకుగా తగిలేంతగా చెక్కుకుపోయింది.