పారిశ్రామిక వ్యర్థ జలాల పర్మిట్లు – 4వ పాఠం: వాగు వైపు నుంచి లెక్క

గత పాఠంలో శుద్ధి టెక్నాలజీని బట్టి లిమిట్ పెట్టడం నేర్చుకున్నాం. మంచి శుద్ధి ప్లాంటు ఉన్న పరిశ్రమ కాలుష్యాన్ని ఎంతవరకు తగ్గించగలదో చూసి, అంతకు మించి వదలకూడదని చెప్పడమే ఆ పద్ధతి. అందులో వాగు ఊసే లేదు. ఈసారి వాగు దగ్గర మొదలుపెడదాం. రెండు లెక్కలూ చేశాక ఏది కఠినంగా ఉంటే అదే పర్మిట్‌లోకి ఎక్కుతుంది. 1972 నాటి అమెరికా క్లీన్ వాటర్ యాక్ట్ కింద ఇచ్చే పర్మిట్లలో నియమం ఇది. కింద వాడే గుణకాలు అక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ 1991లో తెచ్చిన సాంకేతిక మార్గదర్శకంలోవి.

ఒక ఫ్యాక్టరీ రోజుకు 50 లక్షల లీటర్ల నీటిని వాగులోకి వదులుతోందనుకుందాం. అందులో జింక్ ఉంది. వాగు నీటి కాఠిన్యం లీటరుకు 100 మిల్లీగ్రాములైతే, జలచరాల రక్షణకు ఈపీఏ చెప్పే జింక్ ప్రమాణం లీటరుకు సుమారు 120 మైక్రోగ్రాములు. ఫ్యాక్టరీకి ఎగువనే వాగులో 20 మైక్రోగ్రాములు ఉంది.

ఇక వాగులో ఎంత నీరు పారుతుందని తీసుకోవాలి? కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ఏడాది సగటు తీసుకోకూడదు. వరుసగా 7 రోజుల సగటు ప్రవాహం, పదేళ్లకోసారి ఎంతకు పడిపోతుందో ఆ అంకె తీసుకోవాలి. దీన్ని 7క్యూ10 అంటారు. మన వాగుకు అది రోజుకు 200 లక్షల లీటర్లు అనుకుందాం. నీరంతా పూర్తిగా కలిసిపోతుందని కూడా అనుకుందాం (చాలాచోట్ల వాగులో కొంత భాగాన్నే లెక్కలోకి తీసుకోనిస్తారు).

కలిశాక మొత్తం 250 లక్షల లీటర్లు. దాన్ని 120తో గుణిస్తే 30,000. ఎగువ నుంచి వచ్చే జింక్ 200ను 20తో గుణిస్తే 4,000. మిగిలిన 26,000ను ఫ్యాక్టరీ ప్రవాహం 50తో భాగిస్తే 520. అంటే గొట్టం చివర లీటరుకు 520 మైక్రోగ్రాములదాకా వాగు తట్టుకుంటుంది. ఇదే లెక్కను సగటు ప్రవాహం 2,000 లక్షల లీటర్లతో చేస్తే 4,120 వస్తుంది, దాదాపు 8 రెట్లు. ఆ అంకెతో పర్మిట్ ఇస్తే ఎండాకాలంలో చేపలు చస్తాయి, కాగితం మీద మాత్రం ఎవరి తప్పూ ఉండదు. అందుకే ఈ ఒక్క అంకె విషయంలో మొహమాటపడొద్దని గట్టిగా చెబుతాను.

520 దీర్ఘకాలిక ప్రభావానికి సంబంధించిన హద్దు. తక్షణ ప్రభావానికి పదేళ్లకోసారి వచ్చే ఒక్క రోజు కనిష్ఠ ప్రవాహం వాడతారు. అది 160 అనుకుంటే, జింక్‌కు రెండు ప్రమాణాలూ దాదాపు ఒకటే కాబట్టి అదే పద్ధతిలో 440 వస్తుంది.

ఇవింకా లిమిట్లు కావు. వ్యర్థ జలం రోజూ ఒకేలా ఉండదు కాబట్టి, హద్దు దాటకుండా ఉండాలంటే ప్లాంటు ఏ సగటు దగ్గర నడవాలో ముందు కనిపెట్టాలి. హెచ్చుతగ్గుల గుణకం (సగటుతో పోలిస్తే రోజువారీ అంకెలు ఎంత చెదిరి ఉంటాయో చెప్పేది) తెలియకపోతే 0.6 తీసుకుంటారు. దానికి తక్షణ హద్దును 0.321తో, దీర్ఘకాలిక హద్దును 0.527తో గుణించాలి. ఒకటి 141, రెండోది 274. చిన్నదైన 141నే తీసుకోవాలి. దాన్ని 3.11తో గుణిస్తే రోజువారీ గరిష్ఠం సుమారు 440. నెలకు 4 శాంపిళ్లు తీసే చోట 1.55తో గుణిస్తే నెలసరి సగటు సుమారు 219. పర్మిట్‌లో రాసేది ఈ రెండు అంకెలు.

అయితే ఇదంతా ఒక్క జింక్ కథ. గొట్టంలో పదుల కొద్దీ రసాయనాలు ఉంటాయి, చాలావాటికి ప్రమాణాలే లేవు. విడివిడిగా అన్నీ హద్దులో ఉన్నా, కలిసినప్పుడు నీరు విషం కావచ్చు. ఆ సంగతి తేల్చేది బతికున్న ప్రాణి మాత్రమే. అందుకే మొత్తం నీటి మీద విష పరీక్ష పెడతారు.

సెరియోడాఫ్నియా డూబియా అనే చిన్న నీటి జీవితో చేసే పరీక్ష చూద్దాం. ఫ్యాక్టరీ నీటిని మంచినీటితో రకరకాల పాళ్లలో పలుచన చేస్తారు, పోలికకు ఉత్త మంచినీరు కూడా పెడతారు. పుట్టి 24 గంటలు కూడా కాని పిల్లలను ఒక్కో కప్పులో ఒక్కొక్కటి చొప్పున, ప్రతి పలుచనకు పది కప్పుల్లో వేస్తారు. కప్పులో ఉండేది 15 మిల్లీలీటర్ల నీరే. రోజూ నీరు మార్చి, మేత వేసి, తల్లి బతికుందా, ఎన్ని పిల్లల్ని పెట్టింది అని లెక్కపెడతారు. మంచినీటి కప్పుల్లో ఎక్కువ తల్లులు మూడు కాన్పులు పూర్తిచేసేదాకా, అంటే సుమారు వారం రోజులు, ఇది సాగుతుంది. ఆ మంచినీటి కప్పుల్లోనే కనీసం 80 శాతం తల్లులు బతికి ఉండకపోయినా, తల్లికి సగటున 15 పిల్లలు రాకపోయినా పరీక్ష చెల్లదు, మళ్లీ చేయాల్సిందే. రిపోర్టు చేతికి రాగానే ముందు ఈ వరుస చూడండి, ఫలితం తర్వాత.

మన ఫ్యాక్టరీ నీరు వాగులో కలిశాక 250లో 50 వంతు, అంటే 20 శాతం. కాబట్టి 20 శాతం పలుచనలో ఏ హానీ కనబడకూడదు. ఒక పరీక్షలో తల్లికి సగటు పిల్లలు ఇలా వచ్చాయనుకోండి: మంచినీటిలో 22, 5 శాతంలో 22, 10 శాతంలో 23, 20 శాతంలో 20, 40 శాతంలో 11, 80 శాతంలో సున్నా. 22కూ 20కూ ఉన్న తేడా గణాంక పరీక్షలో నిలవకపోతే, హాని కనిపించని గరిష్ఠ గాఢత 20 శాతం. 100ను 20తో భాగిస్తే 5 దీర్ఘకాలిక విష యూనిట్లు. పర్మిట్ లిమిట్ కూడా 5 కాబట్టి పాస్, కానీ అంచు మీద. నేనైతే ఈ ప్లాంటుకు వచ్చే పరీక్షను త్వరగా పెట్టమంటాను. 40 శాతం దగ్గర పిల్లలు సగానికి పడిపోయాయంటే నీటిలో ఏదో ఉంది.

ఆ ‘ఏదో’ను పట్టుకోవడం 5వ పాఠం. లోహాలను పట్టి బంధించే ఈడీటీఏ అనే రసాయనం కలిపితే విషం తగ్గితే లోహాల మీద, సోడియం థయోసల్ఫేట్ కలిపితే తగ్గితే క్లోరిన్ మీద అనుమానం పడుతుంది. పీహెచ్ మారుస్తూ అమ్మోనియాను ఎలా పట్టుకోవాలో కూడా చూద్దాం.

ఈలోగా ఒక లెక్క చేసి ఉంచుకోండి. ఫ్యాక్టరీ ప్రవాహం 30 లక్షల లీటర్లు, 7క్యూ10 90 లక్షల లీటర్లు, ప్రమాణం 120, ఎగువ జింక్ 60. దీర్ఘకాలిక హద్దు 300 రావాలి. తర్వాత ఎగువ జింక్‌ను 130 చేసి మళ్లీ చూడండి. 90 అని వస్తుంది, కానీ ఎగువనే ప్రమాణం దాటిపోయిన వాగులో పలుచబడటానికి చోటు ఉందా? ఈ ఫ్యాక్టరీకి మీరైతే ఏ అంకె రాస్తారో, ఎందుకో రెండు వాక్యాల్లో రాసుకోండి.