గెట్ అనే మాటని తెలుగువాళ్ళు సులువుగా వాడేదెలా

స్పోకెన్ ఇంగ్లీష్ మొదలుపెట్టిన చాలామంది గెట్ దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతారు. డిక్షనరీ తీస్తే పేజీకి పేజీ అర్థాలే. పొందు, తెచ్చుకో, చేరు, అవు, అర్థం చేసుకో, ఎక్కు, దిగు... ఇవన్నీ బట్టీ కొట్టొద్దు ప్లీజ్, అది అయ్యే పని కాదు. గెట్ తర్వాత ఏ మాట వచ్చిందో చూడండి చాలు, అర్థం అదే తెలుస్తుంది. ఇంకో సంగతి, మన తెలుగు బాగా తెలిసినవాళ్ళకి ఇందులో సగం ముందే వచ్చు, కానీ అలా ఎవరూ చెప్పరు.

ముందు ఈజీది. మనం "నాకు ఉద్యోగం వచ్చింది", "నాకు మెసేజ్ వచ్చింది", "నాకు 80 మార్కులు వచ్చాయి" అంటాం కదా, ఇంగ్లీష్‌లో అక్కడ "నాకు" తీసేసి "ఐ" పెట్టి, "వచ్చింది" తీసేసి "గాట్" (గెట్‌కి పాస్ట్ రూపం) పెట్టండి. "ఐ గాట్ ఎ జాబ్", "ఐ గాట్ ఎ మెసేజ్", "ఐ గాట్ ఎయిటీ మార్క్స్". "జాబ్ కేమ్ టు మీ" అనకండి, మన వాక్యంలో ఉద్యోగం మన దగ్గరికి వస్తుంది, వాళ్ళ వాక్యంలో మనిషే ముందుంటాడు, అంతే తేడా. కాకపోతే కోపం, నిద్ర, ఆకలి లాంటివి వస్తే అక్కడ పేరు కాదు, మన పరిస్థితి చెప్పే మాట పెట్టాలి: "ఐ గాట్ యాంగ్రీ", "ఐ గాట్ స్లీపీ", "ఐ గాట్ హంగ్రీ". "ఐ గాట్ యాంగర్" తప్పు. ఇక "నాకు తెలుగు వచ్చు"లో వచ్చు వేరే, అక్కడ గెట్ పెట్టకూడదు, "ఐ నో తెలుగు" అనాలి.

అదే దారిలో "తడిసిపోయా" అంటే "ఐ గాట్ వెట్", "లేటవుతోంది" అంటే "ఇట్స్ గెటింగ్ లేట్". ఏదైనా మారిందంటే గెట్, మారాక ఉన్న స్థితి చెప్పాలంటే యామ్, ఈజ్. "ఐ యామ్ మ్యారీడ్" అంటే పెళ్ళయిన మనిషిని అని, "ఐ గాట్ మ్యారీడ్ ఇన్ 2015" అంటే అప్పుడు పెళ్ళయింది అని. పెళ్ళి ఎవరితో అని చెప్పేటప్పుడు "విత్" రాదు, "షి గాట్ మ్యారీడ్ టు ఎ డాక్టర్" అనాలి. మన "తో" అలవాటు వల్ల ఇక్కడ దాదాపు అందరం "విత్" అనేస్తాం.

ఇప్పుడు అసలు విషయం. ఎవరైనా "ఐ కట్ మై హెయిర్" అంటే విన్నవాళ్ళకి ఈయనే కత్తెర పట్టుకుని తన జుట్టు కత్తిరించుకున్నాడని అర్థమయ్యే ప్రమాదం ఉంది. మనం తెలుగులో ఎంత స్పష్టంగా చెప్తామో చూడండి, కటింగ్ చేయించుకున్నా, బ్లౌజ్ కుట్టించా, ఇల్లు కట్టించాం, ఫోన్ స్క్రీన్ మార్పించా, పన్ను పీకించుకున్నా. ఆ "ఇంచు" ఉంది కదా, పని మనం చేయలేదు, ఇంకొకరితో చేయించాం అని చెప్పేది, దానికి ఇంగ్లీష్‌లో గెట్. వరస ఇలా: గెట్, తర్వాత వస్తువు, తర్వాత క్లాసుల్లో వీ త్రీ అని చెప్పే రూపం (గో, వెంట్, గాన్ అంటారే, అందులో మూడోది). "ఐ గాట్ మై హెయిర్ కట్." "ఐ గాట్ ఎ బ్లౌజ్ స్టిచ్డ్." "వి గాట్ ఎ హౌస్ బిల్ట్." వస్తువు మధ్యలో రావాలి, ఈ ఒక్కటే గుర్తుపెట్టుకోండి, "ఐ గాట్ కట్ మై హెయిర్" అంటే వాక్యం చెడిపోతుంది. అలాగని ప్రతి "ఇంచు"కీ గెట్ తగిలించొద్దు, ప్రేమించాడు, సాధించాడు లాంటి వాటిల్లో ఎవరితోనూ ఏదీ చేయించడం లేదు కదా.

ఎవరితో చేయించామో ఆ మనిషిని కూడా చెప్పాలంటే మనిషి తర్వాత "టు" వస్తుంది. "ఐ గాట్ మై బ్రదర్ టు ఫిక్స్ ది ఫ్యాన్", అంటే మా తమ్ముడితో ఫ్యాన్ బాగు చేయించా. ఇందులో కాస్త బతిమాలో నచ్చజెప్పో ఒప్పించిన ఛాయ ఉంటుంది. బలవంతంగా చేయిస్తే "మేడ్", అప్పుడు "టు" ఉండదు, "ఐ మేడ్ హిమ్ ఫిక్స్ ఇట్". నాకైతే గెట్ మొత్తంలో ఇదే అన్నిటికన్నా పనికొచ్చే వాడకం అనిపిస్తుంది, ఎందుకంటే రోజూ మనం ఎవరో ఒకరితో ఏదో ఒకటి చేయిస్తూనే ఉంటాం.

ఒక వాక్యం ట్రై చేయండి, చూడకుండా ముందు మీరే బయటికి చెప్పండి: నిన్న ఇంటికి లేటుగా చేరా, వానలో తడిసిపోయా, జ్వరం వచ్చింది, మా తమ్ముడితో మందులు తెప్పించుకున్నా. "ఐ గాట్ హోమ్ లేట్, గాట్ వెట్ ఇన్ ది రెయిన్, గాట్ ఎ ఫీవర్ అండ్ గాట్ మై బ్రదర్ టు బ్రింగ్ మి సమ్ మెడిసిన్." హోమ్, హియర్, దేర్ ముందు "టు" ఉండదు, మిగతా చోట్లకి ఉంటుంది, "గెట్ టు ది స్టేషన్".

బస్సులూ కార్లూ వేరే లెక్క. లోపల నిలబడి నడవగలిగే బస్సు, రైలు, ఫ్లైట్‌కి "గెట్ ఆన్", "గెట్ ఆఫ్". బైక్‌కి కూడా అదే. కారు, ఆటోకి "గెట్ ఇన్", "గెట్ అవుట్". మనం ఇక్కడ దిగడాన్ని "గెట్ డౌన్" అంటాం, మన దేశంలో అందరికీ అర్థమవుతుంది, ఇబ్బంది లేదు, కానీ అమెరికాలోనో లండన్‌లోనో ఆ మాటంటే కిందికి వంగమన్నట్టో చెట్టు మీంచి దిగమన్నట్టో వింటారు. హైదరాబాద్ మెట్రోలో లైన్ మారడానికి దారి చెప్పాలంటే "గెట్ ఆఫ్ ఎట్ అమీర్‌పేట్ అండ్ చేంజ్ ట్రెయిన్స్", ఇది ఎక్కడివాళ్ళకైనా తెలుస్తుంది.

ఆఫీసులో రెండు బాగా వాడుకోండి. అర్థమైంది అనడానికి "గాట్ ఇట్", అమెరికన్లు పలికితే "గాడిట్" లాగా వినిపిస్తుంది, కంగారు పడొద్దు. కనుక్కుని మళ్ళీ చెప్తా అనడానికి "ఐ విల్ గెట్ బ్యాక్ టు యు బై ఫ్రైడే". మన మెయిళ్ళలో రిప్లై ఇస్తా అనడానికి రాసే "రివర్ట్" చాలామంది విదేశీ క్లయింట్లకి పాత స్థితికి వెళ్ళడం అనే అర్థంలోనే తెలుసు, అక్కడ "గెట్ బ్యాక్" సేఫ్.

గెట్‌కి వీ త్రీగా కొందరు వాడే గాటెన్ తప్పా అని అడుగుతుంటారు, తప్పు కాదు. ఇంగ్లండ్‌లోనే ఉన్న పాత రూపం అది, అక్కడ ఎక్కువగా "గాట్" మిగిలింది, అమెరికాలో "గాటెన్" నిలిచింది. అమెరికన్ నోట "ఐ హ్యావ్ గాట్ ఎ కార్" అంటే నా దగ్గర కారుంది, "ఐ హ్యావ్ గాటెన్ బెటర్" అంటే మెరుగయ్యాను.

రాతలో మాత్రం కొంచెం చూసుకోండి. ఐఈఎల్‌టీఎస్ ఎస్సే, కవర్ లెటర్, కంప్లైంట్ లెటర్ లాంటి వాటిలో గెట్ బదులు రిసీవ్, ఆబ్టెయిన్, బికమ్, అరైవ్ బాగుంటాయి. అలవాటుగా ముందు గెట్‌తోనే రాసేసినా ఫర్వాలేదు, పంపే ముందు ఒకసారి చదివి సందర్భాన్ని బట్టి మార్చేయండి.