టైప్ 1 షుగర్ ఉన్న అమ్మానాన్నలకు ఇంట్లో సంరక్షణ: సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

"అమ్మకు షుగర్ ఉంది" అనగానే వినేవాళ్ళకు గుర్తొచ్చేది టైప్ 2యే. ఇంటికొచ్చే అటెండెంటుకైనా, పక్కింటి పిన్నిగారికైనా, కొన్నిసార్లు ఆసుపత్రిలో డ్యూటీ నర్సుకైనా అంతే. అన్నం తగ్గించాలి, మాత్ర వేసుకోవాలి, తినకపోతే మందు ఆపాలి అనే లెక్కతోనే అందరూ పని చేస్తారు. టైప్ 1లో ఆ లెక్క ప్రమాదం. ఇక్కడ శరీరం ఇన్సులిన్‌ను దాదాపుగా తయారు చేయదు. బయటి నుంచి ఇచ్చేది పూర్తిగా ఆగిపోతే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది.

మా అమ్మ గుంటూరులో ఉంటుంది, నేను హైదరాబాద్‌లో ఉంటాను. ఆమెకు ఇంటి దగ్గర మనిషిని ఏర్పాటు చేసి నడిపిస్తున్న అనుభవంతో, డాక్టర్లు చెప్పగా నేర్చుకున్న విషయాలతో ఇది రాస్తున్నాను. డోసుల సంగతి మాత్రం మీ డాక్టరుగారే చెప్పాలి.

ముందుగా అసలు టైప్ 1 అవునో కాదో తేల్చుకోండి. ఇన్సులిన్ వాడుతున్నంత మాత్రాన టైప్ 1 కాదు. పెద్ద వయసులో మొదలైన టైప్ 1ను ఏళ్ళ తరబడి టైప్ 2 అనుకునే ఇళ్ళూ ఉన్నాయి. అనుమానం ఉంటే సి-పెప్టైడ్, గ్యాడ్ యాంటీబాడీ పరీక్షల గురించి డాక్టర్ని అడగండి.

సమస్య: "అమ్మగారు ఏమీ తినలేదండీ, అందుకే ఇన్సులిన్ వేయలేదు"

ఫోన్‌లో ఈ మాట వినిపించిందంటే మనిషి తప్పు కాదు, మనం చెప్పాల్సింది చెప్పలేదని అర్థం.

టైప్ 1 వాళ్ళు సాధారణంగా రెండు రకాల ఇన్సులిన్ వాడతారు. రోజంతా నెమ్మదిగా పనిచేసేది ఒకటి (లాంటస్, బేసలాగ్, ట్రెసీబా లాంటివి). భోజనానికి ముందు వేసేది ఇంకొకటి (నోవోరాపిడ్, హ్యూమలాగ్ లాంటివి). తిండి లేకపోతే సాధారణంగా ఆగేది ఆ భోజనం ఇన్సులిన్ ఒక్కటే. రోజంతా పనిచేసేది తిన్నా తినకపోయినా పడాలి. అవసరమైతే డాక్టర్ దాని మోతాదు తగ్గిస్తారు తప్ప ఇంట్లోవాళ్ళు సొంతంగా ఆపకూడదు.

రెండు ఇన్సులిన్ పెన్నులకూ (సిరంజికి బదులు వాడే, పెన్నులా ఉండే ఇంజెక్షన్లు) వేరువేరు రంగుల టేపు చుట్టండి. వాటిని వేరువేరు డబ్బాల్లో, వీలైతే వేరువేరు చోట్ల పెట్టండి. డాక్టరుగారి చేత ఒక కాగితం రాయించి ఫ్రిజ్ తలుపు మీద అంటించండి: షుగర్ ఇంత ఉంటే ఇన్ని యూనిట్లు, తినకపోతే ఇది, వాంతులైతే ఇది, ఎవరికి ఫోన్ చేయాలి. పెద్ద అక్షరాలతో, తెలుగులో ఉండాలి. ఇంగ్లీషులో ఉన్న డిశ్చార్జ్ సమ్మరీ అటెండెంటుకు ఏ పనికీ రాదు.

పెన్నులు తారుమారై, రాత్రి పడాల్సిన మోతాదంతా భోజనం ఇన్సులిన్‌తో పడిపోతే "చూద్దాంలే" అని పడుకోబెట్టకండి. వెంటనే తీపి, ఆ తర్వాత భోజనం పెట్టండి. పావుగంటకోసారి షుగర్ చూస్తూ డాక్టర్‌కు ఫోన్ చేయండి. యూనిట్లు ఎక్కువైతే ఆసుపత్రికి బయలుదేరడమే మంచిది.

సమస్య: పొద్దున లేచాక అయోమయం, చిరాకు, మాట తడబడటం

"పెద్దవయసు కదా, మతిమరుపు మొదలైంది" అని ఇంట్లో అందరూ సర్దుకుపోయేది ఇక్కడే. పక్షవాతం అనుకుని కంగారుపడేవాళ్ళూ ఉన్నారు. ఆ అనుమానాన్ని కొట్టిపారేయకూడదు గానీ ముందు చేయాల్సిన పని వేలికి సూది గుచ్చి షుగర్ చూడటం. 70 కంటే తక్కువ ఉంటే లో షుగర్. 54 కంటే తక్కువైతే అది తీవ్రమైనది.

ఏళ్ళ తరబడి టైప్ 1 ఉన్నవాళ్ళలో చాలామందికి షుగర్ పడిపోతున్నా వణుకు, గుండెదడ లాంటి హెచ్చరికలు తెలియవు. బీపీకి, గుండెకి వాడే బీటా బ్లాకర్ మాత్రలు కూడా ఆ లక్షణాలను కప్పేస్తాయి. చెమట మాత్రం పడుతుంది. తెల్లవారుజామున దిండు తడిసి ఉందంటే, ఫ్యాన్ సరిగ్గా తిరగలేదనుకునే ముందు షుగర్ చూడమని అటెండెంటుకు చెప్పి ఉంచండి.

స్పృహ ఉండి మింగగలిగితే మూడు చెంచాల గ్లూకోజ్ పొడి గానీ పంచదార గానీ నీళ్ళలో కలిపి ఇవ్వాలి. పదిహేను నిమిషాల తర్వాత మళ్ళీ చూడాలి. ఇంకా 70 లోపే ఉంటే ఇంకోసారి ఇవ్వాలి. పైకి వచ్చాక ఏదైనా తినిపించాలి. బిస్కెట్లు, చాక్లెట్లు నెమ్మదిగా అరుగుతాయి, ఆ క్షణానికి పనికిరావు. షుగర్ ఉన్న ఇల్లు కదా అని పంచదారే కొనని కుటుంబాలున్నాయి. వంటింట్లో ఉండేది షుగర్‌ఫ్రీ పొడి, అది లో షుగర్‌లో ఏ సాయమూ చేయదు. మంచం పక్కన ఒకటి, హాల్లో ఒకటి, పూజగదిలో ఒకటి గ్లూకోజ్ పొట్లాలు పెట్టండి.

స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు. ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి. షుగర్‌ను పైకి తెచ్చే గ్లూకగాన్ ఇంజెక్షన్ గురించి డాక్టర్ని ముందే అడగండి. వీధి చివరి మందుల షాపులో దొరక్కపోవచ్చు, కాబట్టి ముందే తెప్పించుకుని వాడే పద్ధతి ఇంట్లో ఇద్దరికైనా నేర్పించాలి.

ఆ పూట గండం గట్టెక్కాక అసలు కారణం వెతకాలి. రాత్రి భోజనం సరిగ్గా తినలేదా? సాయంత్రం గుడికి ఎక్కువ దూరం నడిచారా? కార్తీక సోమవారమనో ఏకాదశనో ఎవరికీ చెప్పకుండా ఉపవాసం ఉన్నారా? అమ్మలు ఈ పని చేస్తారు, అడిగితే "పాలు తాగాను కదరా" అంటారు. వాదించకుండా, ఏడాదిలో వాళ్ళు వదులుకోలేని ఉపవాసాలేవో ముందే తెలుసుకుని ఆ రోజుల డోసు డాక్టర్‌తో రాయించుకోవడమే దారి. ఇవేవీ కాకపోతే క్రియాటినిన్ పరీక్ష చేయించండి. కిడ్నీలు బలహీనపడితే ఇన్సులిన్ ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది, పాత డోసే ఎక్కువైపోతుంది.

ఇక్కడ పిల్లలకు గట్టిగా ఒక మాట చెప్పాలి. హెచ్‌బీఏ1సీ (దాదాపు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 6.5 వచ్చిందని సంబరపడకండి. ఆ సగటు వెనక ఎన్నో లో షుగర్లు దాగి ఉండవచ్చు. ఇతర జబ్బులూ, ఎవరో ఒకరి సాయం అవసరమూ ఉన్న పెద్దవారికి అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ చెప్పే లక్ష్యం 8 లోపు. ఉదయం పరగడుపున 90 నుంచి 150, పడుకునే ముందు 100 నుంచి 180. నలభై ఏళ్ళ వ్యక్తికి పెట్టే లక్ష్యాన్ని డెబ్బై అయిదేళ్ళ అమ్మకు పెడితే, ఆమె బాత్రూంలో పడి తుంటి విరగ్గొట్టుకునే ప్రమాదాన్ని మనమే పెంచినట్టు.

సమస్య: ఒకరోజు 65, మర్నాడు 340, తిండి మాత్రం అదే

డోసు మార్చమని డాక్టర్‌ను అడిగే ముందు ఇంట్లోనే చూడాల్సినవి ఉన్నాయి.

మొదట సిరంజి. మన దగ్గర చాలా ఇన్సులిన్ సీసాలు మిల్లీలీటరుకు 40 యూనిట్లవి, వాటి సిరంజికి ఎర్ర మూత ఉంటుంది. పెన్నుల్లో, కొన్ని సీసాల్లో ఉండేది 100 యూనిట్లది, ఆ సిరంజికి నారింజ మూత. పెన్ను పాడైందని దాని కార్ట్రిడ్జ్ (లోపల ఇన్సులిన్ ఉండే గొట్టం) లోంచి ఎర్ర మూత సిరంజితో 10 గీత వరకు లాగితే పడేది 25 యూనిట్లు. 40 సీసాకు నారింజ మూత సిరంజి వాడితే 10కి బదులు నాలుగే పడతాయి. షాపులో ఏది చేతికొస్తే అది ఇస్తారు. సీసా మీద అంకె, సిరంజి మీద అంకె ఒకటేనని ప్రతిసారీ చూసుకోవాలి. నన్నడిగితే, చూపు మందగించిన పెద్దవారున్న ఇంట్లో అసలు సిరంజిలే లేకుండా పెన్నులకు మారడం మేలు.

తర్వాత పొట్ట తడిమి చూడండి. రోజూ ఒకేచోట సూది వేస్తే చర్మం కింద కొవ్వు గడ్డ కడుతుంది. అక్కడ నొప్పి తెలియదు కాబట్టి పెద్దవాళ్ళు అక్కడే వేసుకోవడానికి ఇష్టపడతారు. కానీ అక్కడ వేసిన ఇన్సులిన్ ఒకరోజు ఎక్కుతుంది, ఒకరోజు ఎక్కదు. గడ్డలను వదిలేసి వేరే చోట్ల మార్చి మార్చి వేయండి. కొత్త చోటుకు మారినప్పుడు అదే డోసు బలంగా పనిచేయవచ్చు, కాబట్టి ఆ మార్పు డాక్టర్‌కు చెప్పి చేయండి.

పెన్నులో ముందు రెండు యూనిట్లు గాలిలోకి వదిలి చూస్తున్నారా, నొక్కాక పది అంకెలు లెక్కపెట్టి సూది తీస్తున్నారా, పాలలా తెల్లగా ఉండే ఇన్సులిన్‌ను అరచేతుల మధ్య దొర్లించి బాగా కలుపుతున్నారా అన్నది వీడియో కాల్‌లో ఒకసారి చూడండి.

చివరిది ఎండ. మే నెలలో పల్నాడు వైపు 45 డిగ్రీల ఎండలో, కరెంటు పోయిన ఇంట్లో టేబుల్ మీద ఉన్న ఇన్సులిన్ పైకి బాగానే కనిపిస్తూ లోపల చచ్చుబడిపోతుంది. తెరవనివి ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఫ్రీజర్‌లో పెట్టకూడదు, ఒకసారి గడ్డకట్టినది పారేయాలి. తెరిచినదాన్ని ఎక్కువ రకాల్లో నాలుగు వారాలకు మించి వాడకూడదు, తెరిచిన తేదీ దాని మీద రాయండి. ఫ్రిజ్ నమ్మకం లేని ఊళ్ళో గాలి చొరబడని డబ్బాలో పెట్టి, నీళ్ళు చల్లిన కొత్త మట్టికుండలో నీడపట్టున ఉంచినా బాగానే కాపాడుతుంది.

సమస్య: వాంతులు, కడుపునొప్పి, ఆయాసం

ఇది "నిన్న తిన్నది పడలేదు" అని జీలకర్ర నీళ్ళిచ్చి ఊరుకునే సంగతి కాదు. ఇన్సులిన్ చాలక ఒంట్లో కీటోన్లు (కొవ్వు కరిగినప్పుడు పుట్టే ఆమ్లాలు) పేరుకుంటే ఇవే లక్షణాలు వస్తాయి. నోట్లోంచి మగ్గిన పండు వాసన రావచ్చు. జ్వరం, మూత్రంలో ఇన్ఫెక్షన్, మానేసిన ఇన్సులిన్ దీనికి మామూలు కారణాలు. షుగర్ 250 దాటి ఒంట్లో బాగోకపోతే కీటోన్ పరీక్ష చేయాలి. మూత్రం స్ట్రిప్పులు ఒక డబ్బా ఇంట్లో ఉంచుకోండి. కీటోన్లు మధ్యస్థంగా గానీ ఎక్కువగా గానీ కనిపించినా, నీళ్ళు కూడా నిలవకపోయినా, మత్తుగా ఉన్నా ఆలోచించకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. షుగర్‌కు వాడే డాపాగ్లిఫ్లోజిన్ రకం మాత్రలు ఎవరైనా రాసి ఉంటే మరీ జాగ్రత్త. వాటితో షుగర్ పెద్దగా పెరగకుండానే కీటోన్లు ప్రమాద స్థాయికి వెళ్ళవచ్చు. టైప్ 1 అని తెలిసే రాశారా అని అడగండి.

ఆసుపత్రిలో చేర్చగానే "టైప్ 1, ఇన్సులిన్ పూర్తిగా ఆపకూడదు" అని కేస్ షీట్ మీద రాయమనండి. డ్యూటీ మారిన ప్రతిసారీ మళ్ళీ చెప్పండి.

సమస్య: "ఇందాక వేసుకున్నానా, లేదా?"

మతిమరుపు ఉన్నచోట రెండుసార్లు వేసుకోవడమే అన్నిటికన్నా భయం. పెన్నులు అటెండెంటు దగ్గర, తాళం ఉన్న పెట్టెలో ఉండాలి. వేసిన వెంటనే గోడ క్యాలెండర్‌లో ఆ తేదీ గడిలో సమయం, యూనిట్లు రాయాలి. వేశారో లేదో తేలకపోతే మళ్ళీ వేయకుండా షుగర్ చూసి డాక్టర్‌కు ఫోన్ చేయాలి.

సమస్య: ఏజెన్సీ పంపిన మనిషికి ఇన్సులిన్ వేయడం రాదు

ఏజెన్సీలో "నర్స్" అని చెప్పి పంపేవారిలో ఎక్కువమంది జీడీఏలు, అంటే స్నానం, తిండి, నడిపించడం లాంటివి చూసుకునేవాళ్ళు. జీఎన్ఎం, ఏఎన్ఎం అనే నర్సింగ్ కోర్సులు చదివినవాళ్ళు వేరు, జీతమూ వేరు. రోజంతా నర్సును పెట్టే స్తోమత అందరికీ ఉండదు, అవసరమూ లేదు. మొదటి వారం రెండు వారాలు నర్సును పెట్టి, ఆమె చేత అటెండెంటుకు నేర్పించి, తర్వాత అటెండెంటుతో నడిపించవచ్చు. డోసు నిర్ణయం మాత్రం అటెండెంటు మీద వదలకండి. ఫ్రిజ్ మీది కాగితంలో లేని పరిస్థితి వస్తే ఫోన్ చేయడమే ఆమె పని అని స్పష్టంగా చెప్పండి. ఫోన్ ఎత్తే మనిషి ఒక్కరే ఉండాలి. అన్నయ్య ఒకటి, అక్క ఒకటి చెబితే ఆమె రెండూ మానేస్తుంది.

పెట్టుకునేముందు రెండు ప్రశ్నలు అడగండి: "షుగర్ 58 ఉంది, అమ్మగారు మాట్లాడుతున్నారు, ఏం చేస్తావమ్మా?" "షుగర్ 110 ఉంది, రాత్రి ఇన్సులిన్ వేస్తావా?" మొదటిదానికి తీపి ఇస్తానని చెబితే చాలు. రెండోదానికి "రాసిచ్చిన ప్రకారం వేస్తాను" అనాలి, "నార్మల్ కదా, అక్కర్లేదు" అంటే ఇంకా నేర్పాలి. ఆధార్, పోలీస్ వెరిఫికేషన్ కాగితాలు ఎలాగూ అడగాలి. సెలవు పెడితే ఆమెకు బదులు వచ్చే మనిషికి కూడా ఇదంతా తెలిసి ఉండాలని ఏజెన్సీతో ముందే మాట్లాడుకోండి. ఆదివారం వచ్చే కొత్త మనిషితోనే ఎక్కువ తేడాలొస్తాయి.

సమస్య: మీరు డల్లాస్‌లో, నాన్నగారు వరంగల్‌లో

చేతికి అంటించే షుగర్ సెన్సర్ ఇలాంటి ఇళ్ళకు బాగా పనికొస్తుంది. ఫ్రీస్టైల్ లిబ్రే ఒక సెన్సర్ మోడల్‌ను బట్టి పద్నాలుగు పదిహేను రోజులు పనిచేస్తుంది, రీడింగులు మీ ఫోన్‌లో చూసే ఏర్పాటూ ఉంది. కొనేముందు, షుగర్ పడిపోతే తనంతట తానే అలారం మోగే మోడలా, లేక ఫోన్ దగ్గర పెట్టి స్కాన్ చేస్తేనే చూపించేదా అడగండి. రాత్రి లో షుగర్ భయం ఉన్నవాళ్ళకు మొదటిదే కావాలి. ఆ చేతి మీద ఒత్తిగిలి పడుకుంటే లేని లో షుగర్ చూపిస్తుంది, కాబట్టి అనుమానం వస్తే వేలి రక్తంతో సరిచూడాలి.

అలారం మీ ఫోన్‌లో మోగితే సరిపోదు. అయిదు నిమిషాల్లో నాన్నగారి తలుపు తట్టగల మనిషి ఊళ్ళో ఉండాలి. పై వాటా వాళ్ళో, ఎదురింటి బాబాయిగారో ఎవరో ఒకరికి ఇంటి తాళం ఇచ్చి, గ్లూకోజ్ ఎక్కడుందో చూపించి ఉంచండి. కుటుంబంలో ఎవరూ అందుబాటులో లేనప్పుడు పెద్దల సలహాకు 14567 ఎల్డర్‌లైన్ ఉంది. అత్యవసరానికి మాత్రం 108కే చేయాలి.

సమస్య: "నాకెవరూ అక్కర్లేదు, పంపించేయ్"

ముప్ఫై ఏళ్ళుగా తన సూది తానే వేసుకున్న మనిషి చేతిలోంచి పెన్ను లాక్కుంటే కోపం రావడం న్యాయమే. చూపు, చెయ్యి, జ్ఞాపకం బాగున్నంతవరకు సూది వాళ్ళనే వేసుకోనివ్వండి. అటెండెంటు పక్కన నిలబడి యూనిట్ల అంకె చూసి క్యాలెండర్‌లో రాస్తే చాలు. వచ్చినామెను "నీ కోసం పెట్టాం" అనకుండా వంటకూ బజారు పనికీ సాయమని పరిచయం చేయండి. మా అమ్మ ఒప్పుకున్నది అలాగే. ఇప్పుడు ఆమే ఆ అమ్మాయికి షుగర్ చూడటం నేర్పుతోంది.