స్పానిష్ మాటల్లో ఊనిక తప్పుతోందా? ముందు అక్షరాలు లెక్కపెట్టండి

సమస్య: మందుల దుకాణాన్ని సూచించే 'ఫర్మస్య' అనే స్పానిష్ మాటను 'ఫర్-మ-సి-అ' అని విడగొట్టి, 'సి'ని నొక్కి పలుకుతున్నారు.

కారణం: ఊనిక గుర్తు (నొక్కి పలకాల్సిన అచ్చు మీద పెట్టే ఏటవాలు గీత) లేనప్పుడు, అచ్చుతో గానీ, న్, స్ లతో గానీ ముగిసే మాటలో చివరి నుంచి రెండో అక్షరాన్ని, ఇతర హల్లులతో ముగిసే మాటలో చివరి అక్షరాన్ని నొక్కి పలకాలన్న నియమం తెలిసినవారు కూడా ఇక్కడ తడబడతారు, ఎందుకంటే పొరపాటు లెక్క దగ్గరే జరిగిపోయింది. స్పానిష్‌లో అ, ఎ, ఒ బలమైన అచ్చులు. ఇ, ఉ బలహీనమైనవి. ఊనిక గుర్తు లేని బలహీనమైన అచ్చు మరో అచ్చును ఆనుకుని ఉంటే రెండూ కలిసి ఒకే అక్షరమవుతాయి.

పరిష్కారం: బలహీనమైన అచ్చు ముందు వచ్చే చోట తెలుగులో య ఒత్తు, వ ఒత్తు పెట్టి రాసుకోండి: ఫర్-మ-స్య, ఇస్-తొ-ర్య (చరిత్ర), అ-గ్వ (నీళ్లు). ఊనిక వరుసగా మ, తొ, అ ల మీద పడుతుంది. 'పొ-లి-సి-అ' (పోలీసు) మాటలో ఇకారం మీద గుర్తు ఉన్నందువల్ల అక్కడ ఒత్తు కుదరదు. అచ్చులు విడిపోయి, ఊనిక 'సి' మీదే నిలుస్తుంది.

సమస్య: 'అస్త' (వరకు) అనే మాటను అ-స్త అని విడగొడుతున్నారు.

కారణం, పరిష్కారం: ఇందాక సాయపడిన మన లిపే ఇక్కడ దారి తప్పిస్తుంది. స్పానిష్ విభజన అస్-త. సంయుక్తాక్షరానికి ముందున్న అక్షరం గురువు అవుతుందన్న ఛందస్సు పాఠం గుర్తున్నవారికి ఇది కొత్త కాదు. అయితే ప, బ, క, గ, ఫ ల తర్వాత ర గానీ ల గానీ, త, ద ల తర్వాత ర గానీ వస్తే ఆ జంటను విడదీయకూడదు: లి-బ్రొ (పుస్తకం), ఒ-త్రొ (మరొకటి).

సమస్య: బహువచనంలో ఊనిక గుర్తు ఉన్నట్టుండి వస్తోంది, లేదా పోతోంది.

కారణం: సాధారణంగా ఊనిక కదలదు, చివర ఒక అక్షరం పెరగడంతో లెక్క మారుతుంది. 'హొ-వెన్' (యువకుడు)కు గుర్తు అక్కర్లేదు. 'హొ-వె-నెస్'లో ఊనిక చివరి నుంచి మూడో అక్షరం మీద ఉంది కనుక గుర్తు తప్పనిసరి. చివరి అక్షరం మీద ఊనిక, గుర్తు ఉన్న 'కన్-స్యొన్' (పాట) బహువచనంలో 'కన్-స్యొ-నెస్' అయి గుర్తును వదులుకుంటుంది. 'కరక్తెర్' (స్వభావం) వంటి కొన్నింటిలో మాత్రం ఊనికే జరుగుతుంది. 'కరక్తెరెస్'లో అది 'రక్' నుంచి 'తె' మీదకు వస్తుంది. వీటిని కంఠస్థం చేయాల్సిందే.

సమస్య: ఊనికకు బదులు దీర్ఘం తీస్తున్నారు.

కారణం, పరిష్కారం: తెలుగులో కల, కాల వేరు మాటలు కావడం వల్ల వచ్చిన అలవాటిది. స్పానిష్‌లో అర్థాన్ని మార్చేది దీర్ఘం కాదు, ఊనిక. అభ్యాసానికి 'తెర్మినొ' చాలు: 'తెర్' మీద నొక్కితే గడువు, 'మి' మీద నొక్కితే ముగిస్తాను, 'నొ' మీద నొక్కితే ముగించాడు.