వీలునామా రాయడం నేర్చుకుందాం – 3వ పాఠం: షెడ్యూలు, సంతకం, సాక్షులు

పోయిన పాఠంలో చెప్పిన పని చేశారా? నోటుపుస్తకంలో ఒకవైపు స్వార్జితం, ఇంకోవైపు పిత్రార్జితం రాసుకోమన్నాను. అది ముందు పెట్టుకుని కూర్చోండి. పిత్రార్జితంలో మీ భాగం వరకే మీరు వీలునామా రాయగలరని, అందులో కూతుళ్లకూ కొడుకులతో సమానంగా హక్కు ఉందని అక్కడ చూశాం. (ఇదంతా హిందువులకు వర్తించే చట్టం. ముస్లిం కుటుంబాల్లో మూడో వంతు వరకే రాయగలరనే నియమం ఉంది, దాన్ని విడిగా చెప్తాను.)

ఈరోజు మొదలుపెట్టేది షెడ్యూలుతో, అంటే ఏ ఆస్తి ఎక్కడ, ఎంత, ఏ హద్దుల మధ్య ఉందో చెప్పే వివరంతో. మా తాతకు చంద్రగిరి దగ్గర రెండు మామిడితోటలు ఉండేవి. బావి పక్కనున్నది తోతాపురి, గుట్ట కింద ఉన్నది బేనీషా. ఆయన వీలునామాలో 'మామిడితోట పెద్దవాడికి, ఇల్లు చిన్నవాడికి' అని రాయించారు. ఆయన మనసులో ఉన్నది బావి పక్క తోట. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, కానీ రాతలో లేదు. ఆయన పోయాక మా పెదనాన్న, మా నాన్న ఏళ్ల తరబడి కోర్టు చుట్టూ తిరిగారు. ఒక ఎండాకాలం ఎవరూ కోయకూడదని ఇద్దరూ పట్టుబట్టి, కాయలన్నీ చెట్ల కింద రాలి కుళ్లిపోతుంటే నేను చూశాను. ఆ వాసన ఇంకా గుర్తుంది. అందుకే ఈ భాగం దగ్గర ఎక్కువసేపు ఆగుతాను, మీరూ ఆగండి.

ఒక్కో ఆస్తికి ఒక్కో షెడ్యూలు రాయాలి. నమూనా ఇది:

'ఎ' షెడ్యూలు: తిరుపతి జిల్లా (దస్తావేజు నాటికి చిత్తూరు జిల్లా), చంద్రగిరి మండలం, ఫలానా గ్రామం, సర్వే నంబరు ఫలానాలో 1 ఎకరా 20 సెంట్ల మామిడితోట. చెట్లు, బోరు, మోటారు, కరెంటు సర్వీసుతో సహా. తూర్పు: బండిబాట. దక్షిణం: ఫలానా వారి చెరకు పొలం. పడమర: వంక. ఉత్తరం: గుట్ట.

జిల్లా పేరు రెండు విధాలా ఎందుకు రాశానంటే, తిరుపతి జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్ 4న. అంతకుముందు దస్తావేజుల్లో చిత్తూరు జిల్లా అనే ఉంటుంది. రెండూ రాస్తే పాత కాగితానికీ కొత్త కాగితానికీ పొంతన కుదురుతుంది. మీ ఊళ్లో భూముల రీసర్వే అయిపోయి ఎల్‌పీ నంబరు (సర్వే నంబరు బదులు ఇచ్చే కొత్త నంబరు) వచ్చి ఉంటే దాన్నీ, పాత సర్వే నంబరునూ పక్కపక్కనే రాయండి.

ఇంటి స్థలానికి అంకణాలు మాత్రమే రాసి వదిలేయకండి. తిరుపతిలో అంకణమంటే 36 చదరపు అడుగులు, నెల్లూరు వైపు 72. ఒకప్పుడు నెల్లూరు జిల్లాలో ఉన్న సూళ్లూరుపేట ఇప్పుడు మన తిరుపతి జిల్లాలోనే ఉంది కదా, ఆ తేడా చిన్నది కాదు. పక్కనే చదరపు అడుగులు కూడా రాయండి.

బోరు సంగతి మన ప్రాంతంలో చాలామంది మర్చిపోతారు. నాలుగు ఎకరాలను ఇద్దరికి చెరి సగం రాస్తారు, బోరు ఒకరి భాగంలో పడుతుంది. రెండోవాడి చెట్లు ఎండిపోవాలా? 'బోరు నీళ్లు ఇద్దరూ రోజు మార్చి రోజు వాడుకోవాలి, కరెంటు బిల్లు, రిపేరు ఖర్చు చెరి సగం' అని స్పష్టంగా రాయండి. దారి కూడా అంతే. వెనక పొలానికి ముందు పొలంలోంచే వెళ్లాలంటే ఎన్ని అడుగుల దారో రాయాలి.

చివర్లో ఒక వాక్యం తప్పకుండా ఉండాలి: 'ఇందులో చెప్పని ఆస్తి, ఇకమీదట నాకు వచ్చే ఆస్తి ఏదైనా ఫలానా వారికి చెందాలి.' బ్యాంకు డిపాజిట్లు కూడా రాయండి. నామినీ ఉన్నారు కదా అనుకోవద్దు. డిపాజిట్‌కు నామినీ డబ్బు తీసుకునే మనిషి మాత్రమే, అది చివరికి చెందేది మీరు వీలునామాలో రాసినవారికి, రాయకపోతే వారసులకు.

ఇక సంతకం. స్టాంపు పేపరు అక్కర్లేదు, తెల్ల కాగితం చాలు. 1925 నాటి భారత వారసత్వ చట్టం 63వ సెక్షన్ ప్రకారం ఇద్దరు సాక్షులు ఉండాలి. మీరు సంతకం పెట్టడం వాళ్లు చూడాలి, లేదా అది నా సంతకమేనని మీరు వాళ్లకు చెప్పాలి. ఆ తర్వాత వాళ్లు మీ ఎదుటే సంతకం చేయాలి. ఇద్దరూ ఒకేసారి ఉండాలని చట్టం అనలేదు గానీ, ఒకే గదిలో కూర్చోబెట్టి పని ముగించండి. లోపల ఏం రాశారో వాళ్లు చదవనక్కర్లేదు. వేలిముద్రైనా చెల్లుతుంది. చదువు రానివారికైతే చదివి వినిపించినట్టు కూడా రాయించండి. ప్రతి పేజీ మీద సంతకం పెట్టండి. కొట్టివేతలు ఉంటే ఆ పేజీ మళ్లీ రాయడమే మంచిది.

సాక్షులుగా మీకంటే చిన్నవాళ్లను, ఇక్కడే ఉండేవాళ్లను పిలవండి. మీ తర్వాత వివాదం వస్తే కనీసం ఒక సాక్షి కోర్టుకొచ్చి 'నా ఎదుటే సంతకం పెట్టారు' అని చెప్పాల్సి ఉంటుంది. మీ ఈడు స్నేహితుడు అప్పటికి ఉంటాడో లేదో. ఆస్తి దక్కే వాళ్లనూ, వాళ్ల భార్యాభర్తలనూ సాక్షులుగా పెట్టకండి, లేనిపోని అనుమానాలు వస్తాయి. వయసు మీరినవారైతే ఒక సాక్షి డాక్టరైతే ఇంకా మేలు.

రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, అయినా చేయించమనే నా సలహా. కాగితం పోయినా నకలు దొరుకుతుంది. రిజిస్టరు చేశాక మార్చలేమేమో అని టెన్షన్ పడేవాళ్లు ఉన్నారు. బతికున్నన్నాళ్లూ ఎన్నిసార్లైనా మార్చవచ్చు. చివరగా రాసినదే నిలుస్తుంది, అది రిజిస్టరు కాకపోయినా సరే.

ఈ వారం పని: ఒక్క ఆస్తికి షెడ్యూలు రాయండి. ఇంట్లో కూర్చుని కాదు, దస్తావేజు, పాస్‌పుస్తకం పట్టుకుని తోటకు వెళ్లి నాలుగు వైపులా నడవండి. పాత దస్తావేజులో తూర్పు హద్దుగా రాసిన మనిషి ఇప్పుడు ఆ పొలం అమ్మేసి ఉండవచ్చు. వంక పూడిపోయి ఉండవచ్చు. కనిపించింది రాసుకోండి.

తనంతట తాను డబ్బు చూసుకోలేని బిడ్డ ఎవరి ఇంట్లోనైనా ఉంటే, మీరు లేనప్పుడు ఆ బిడ్డను చూసుకుంటారని మీరు నమ్మే ఇద్దరి పేర్లు కూడా రాసి ఉంచండి. నాలుగో పాఠంలో వీలునామా ద్వారా ట్రస్టు పెట్టడం, అంటే ఆ బిడ్డ కోసం ఆస్తిని నమ్మకమైనవాళ్ల చేతిలో ఉంచడం, ఆ పేర్లతోనే మొదలుపెడతాం.