బ్రాండ్‌ని బాధ్యత వైపు నడిపే సలహాదారుతో పని చేయించుకోవడం ఎలా?

పర్యావరణం, కార్మికుల విషయంలో బాధ్యతగా నడుచుకోవడంపై సలహాదారుగా ఒక కంపెనీలో అడుగుపెట్టగానే నన్ను అడిగే మొదటి ప్రశ్న దాదాపు ప్రతిసారీ ఒకటే: "మా ప్యాకింగ్ మీద 'పర్యావరణ హితం' అని ఎప్పటి నుంచి వేసుకోవచ్చు?" ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు ఉంటుంది. ఇన్నేళ్లలో నా కళ్ల ముందు చెడిపోయిన పనుల్లో ఎక్కువ భాగం ఇలా తలకిందులుగా మొదలైనవే. ఫీజు ఇచ్చారు, రిపోర్టు వచ్చింది, ఫొటోలు బాగున్నాయి, ఫ్యాక్టరీలో మాత్రం ఏమీ మారలేదు. పని నిజంగా జరగాలంటే ఏ వరసలో చేయాలో ఇక్కడ రాస్తున్నాను. నాకు ఎక్కువ పరిచయం బట్టల బ్రాండ్లతో కాబట్టి ఉదాహరణలు అక్కడివే. చెప్పులైనా, బొమ్మలైనా, ఫర్నిచర్ అయినా వరస ఇదే.

ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

గత ఏడాది ఇచ్చిన ఆర్డర్లన్నీ, వాటిని మారుస్తూ తర్వాత పంపిన మెయిల్స్‌తో సహా. సరఫరాదారుల జాబితా, సరుకు అసలు తయారయ్యే చోటి చిరునామాలతో. కరెంటు, డీజిల్, గ్యాస్ బిల్లులు. సంతకం పెట్టే అధికారం ఉన్న ఒక మనిషి. ఒక మామూలు నోట్‌బుక్. ఫ్యాక్టరీలో ల్యాప్‌టాప్ తెరిస్తే ఎదుటివాళ్లు నోరు విప్పరు. నోట్‌బుక్కే వాడాలి.

మొదటి అడుగు: మనిషిని ఎంచుకోవడం

సలహా ఇచ్చే సంస్థే సర్టిఫికెట్ కూడా ఇస్తానంటే ఒప్పుకోకండి. తన పనికి తానే మార్కులు వేసుకున్నట్టు అవుతుంది. ఫీజులో ఒక్క రూపాయి కూడా సర్టిఫికెట్ రావడంతో ముడిపెట్టకండి. ఇంటర్వ్యూలో ఒక్క ప్రశ్న చాలు: "మీ సలహా విని ఏ కంపెనీ అయినా ఆర్డర్లు ఇచ్చే పద్ధతి మార్చుకుందా? ఏం మారింది?" జవాబులో అవార్డులూ రిపోర్టులే వినిపిస్తే ఇంకొకరిని చూసుకోండి. ఇంకో మాట. సలహాదారు మార్కెటింగ్ విభాగం కింద ఉండకూడదు. కుర్చీ కొనుగోలు విభాగంలోనే వేయాలి. దీనికి మినహాయింపు లేదు.

రెండో అడుగు: లెక్కలు

కర్బన ఉద్గారాలు లెక్కకట్టడానికి గ్రీన్‌హౌస్ గ్యాస్ ప్రోటోకాల్ అనే అంతర్జాతీయ పద్ధతి ఉంది, సొంత పద్ధతి కనిపెట్టక్కర్లేదు. మీరు నేరుగా కాల్చే ఇంధనం స్కోప్ 1. కొనే కరెంటు స్కోప్ 2. ముడిసరుకు, రవాణా, కొన్నవాళ్ల వాడకం, చివరికి పారేయడం, ఇలా 15 రకాలు కలిపి స్కోప్ 3. వస్తువులు అమ్మే బ్రాండ్లకు ఉద్గారాల్లో చాలా భాగం స్కోప్ 3లోనే ఉంటుంది. ఆఫీసులో ఎల్‌ఈడీ బల్బులు మార్చి అక్కడితో ఆగిపోయిన రిపోర్టు చూస్తే నాకు బాధ కలిగేది అందుకే. మొదటి ఏడాది అంచనాలు చాలు. ఏది అంచనా, ఏది కొలిచిన అంకె అన్నది మాత్రం పక్కనే రాయండి.

మూడో అడుగు: ముందు దేన్ని పట్టుకోవాలి

హాని ఎంత తీవ్రమైంది, అది జరిగే అవకాశం ఎంత అన్నవి చూసి ముందూ వెనకా నిర్ణయించుకోమంటుంది 2018లో ఓఈసీడీ (ఎక్కువగా సంపన్న దేశాలున్న ఆర్థిక సహకార సంస్థ) ఇచ్చిన మార్గదర్శకం. అంతకంటే క్లిష్టమైన పట్టికలు నాకెప్పుడూ అవసరం పడలేదు. హాని అంటే మనుషులకూ, నేలకూ, నీటికీ జరిగేది. కంపెనీ పరువుకు జరిగేది కాదు. మీటింగ్‌లో మాట పదే పదే పరువు మీదికే పోతుంది, పదే పదే వెనక్కి తేవాలి. మూడు విషయాలు ఎంచుకోండి. నాలుగోది వద్దు.

నాలుగో అడుగు: ఫ్యాక్టరీలో నిజం తెలుసుకోవడం

పని చెడిపోయేది ఇక్కడే. ఇప్పటిదాకా ఎంత తొందరపడ్డా దిద్దుకోవచ్చు. ఇక్కడ తొందరపడితే దెబ్బ తగిలేది మీకు కాదు, మెషీన్ దగ్గర కూర్చున్నవాళ్లకు.

2012 సెప్టెంబర్ 11న కరాచీలో అలీ ఎంటర్‌ప్రైజెస్ అనే బట్టల ఫ్యాక్టరీ తగలబడి 250 మందికి పైగా చనిపోయారు. కిటికీలకు ఊచలు, బయటికి వెళ్లే తలుపులకు తాళాలు. ఆ ఫ్యాక్టరీకి కొద్ది వారాల ముందే ఎస్‌ఏ8000 సర్టిఫికెట్ వచ్చింది. కార్మికుల పని పరిస్థితులు చూసి ఇచ్చే, ప్రపంచమంతా పేరున్న సర్టిఫికెట్ అది. సర్టిఫికెట్ల ఫైలు నా ముందుకు తోసి "అన్నీ ఉన్నాయి" అన్న ప్రతి ఒక్కరికీ నేను ఈ సంగతి చెబుతాను. ఎమర్జెన్సీ తలుపు తెరిచే ఉంటుందని చెబితే వినకండి. పని నడుస్తున్న సమయంలో, లోపలి వైపు నుంచి, మీ చేత్తో తోసి చూడండి. రాత్రి షిఫ్టులో మళ్లీ తోసి చూడండి.

ఫ్యాక్టరీకి బయల్దేరే ముందే ఒక ఉత్తరం చేతిలో ఉండాలి. "మీ ఫ్యాక్టరీలో ఏ లోపం బయటపడినా, దాన్ని మీరు దాచకుండా చెప్పినంత వరకు ఆర్డర్లు ఆపం, దిద్దుకోవడానికి గడువు ఇస్తాం" అని బ్రాండ్ యజమాని సంతకంతో రాసి ఉండాలి. ఇది లేకుండా నేను ఎక్కడికీ వెళ్లను, మీరూ ఎవరినీ పంపకండి. నిజం చెప్పినందుకు ఆర్డర్ పోయిందనుకోండి, రోడ్డున పడేది కార్మికులు. పక్క ఫ్యాక్టరీలన్నీ ఆ కబురు విని మరుసటి రోజే రిజిస్టర్లు కొత్తగా రాసేస్తాయి. సంబంధం తెంచుకోవడం ఆఖరి మార్గమని ఓఈసీడీ మార్గదర్శకం కూడా చెబుతుంది.

ప్రాణాపాయం ఉన్న చోట మాత్రం గడువు మాటే లేదు. 2013 ఏప్రిల్ 23న బంగ్లాదేశ్‌లోని రానా ప్లాజా గోడల్లో పగుళ్లు కనిపించాయి. కింది అంతస్తుల్లోని బ్యాంకు, షాపులు మూసేశారు. బట్టలు కుట్టేవాళ్లను మర్నాడు పొద్దున మళ్లీ పనికి పిలిచారు. భవనం కూలి 1,134 మంది చనిపోయారు. పగులు, తాళం, మూసుకుపోయిన మెట్లదారి కనిపిస్తే రిపోర్టు రాస్తూ కూర్చోకూడదు. ఆ గంటలోనే పని ఆపించి, మనుషుల్ని బయటికి పంపించాలి.

ఇక పని గంటలు. హాజరు రిజిస్టరులో ఏడాదంతా ఒకే పెన్ను, ఒకే చేతిరాత, నలగని పేజీలు ఉంటే అది రోజూ రాసింది కాదు. కానీ అంత మాత్రాన ఏమీ రుజువు కాదు. అందుకే నేను విరిగిన సూదుల రిజిస్టరు అడుగుతాను. కుట్టే మెషీన్‌లో సూది విరిగితే ముక్కలన్నీ వెతికి, కాగితం మీద టేపుతో అంటించి, తేదీ, టైమ్, మెషీన్ నంబరు రాసి పెడతారు. ముక్క బట్టలో ఉండిపోయి తొడుక్కున్నవాళ్లకు గుచ్చుకోకూడదని ఈ జాగ్రత్త. ఈ రిజిస్టరు క్వాలిటీ వాళ్ల దగ్గర ఉంటుంది కాబట్టి దాన్ని దిద్దాలన్న ఆలోచన సాధారణంగా ఎవరికీ రాదు.

ఒకచోట హాజరు రిజిస్టరు ప్రకారం ఆదివారాలన్నీ సెలవే. సూదుల రిజిస్టరులో వరసగా నాలుగు ఆదివారాలు సూదులు విరిగాయి. ఒక చోట టైమ్ రాత్రి 9:40, మెషీన్ 27. పసుపెక్కిన టేపు కింద సూది మొన, పక్కనే వణికిన చేతిరాత. రెండు రిజిస్టర్లూ మేనేజర్ ముందు పక్కపక్కన పెట్టి, నా దగ్గరున్న ఉత్తరం చూపించాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత లేచి తలుపు వేసి, రెండు మెయిల్స్ ప్రింట్ తీసి ఇచ్చారు. నన్ను పనికి పెట్టుకున్న కంపెనీ పంపినవే అవి. గుడ్డకు రంగు వేయడం అయిపోయాక రంగు మార్చమన్నారు. సరుకు పంపాల్సిన తేదీ ఒక్క రోజు కూడా జరపలేదు.

"మేడమ్, రంగు మీవాళ్లు మార్చారు, తేదీ మార్చలేదు. ఆదివారం కూడా కుట్టకపోతే ఎలా పంపాలి?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఆ రోజు నుంచి నా పని తీరే మారిపోయింది.

వందల ప్రశ్నల ఫారం మెయిల్‌లో పంపి, వచ్చిన జవాబులకు మార్కులు వేసే పద్ధతి ఒకటి బాగా నడుస్తోంది. ఒకేసారి చాలా ఫ్యాక్టరీలను చూసినట్టు ఉంటుంది కాబట్టి కంపెనీలకు నచ్చుతుంది. బలవంతపు ఓవర్‌టైమ్ ఉందా అన్న గడిలో ఉందని ఎవరు టిక్ పెడతారు? నా పద్ధతిలో ఫ్యాక్టరీలు తక్కువే చూస్తాం, ఒక్కోచోట రెండు పూర్తి రోజులు ఉంటాం. సూదుల రిజిస్టరు ఏ ఫారంలోనూ కనిపించదు.

కార్మికులతో మాట్లాడేటప్పుడు మరీ జాగ్రత్త. మేనేజర్ గదిలో వద్దు. లైన్‌లోంచి ఒక్కరినే పిలిస్తే సాయంత్రానికి ఆ మనిషి మీద కన్ను పడుతుంది. కాబట్టి వేర్వేరు లైన్ల నుంచి పదిమందిని కలిపి పిలవండి. అంతకంటే మంచిది, వాళ్లు నమ్మే యూనియన్ మనిషి ద్వారా బయట కలవడం. పేర్లు రాసుకోకూడదు, ఫొటోలు తీయకూడదు. "ఓవర్‌టైమ్ ఎక్కువా?" అంటే "లేదండీ" అనే వస్తుంది. "నిన్న ఇంటికి ఎన్నింటికి చేరారు? పిల్లలు అప్పటికి పడుకున్నారా?" అని అడగండి. గంటలు వాటంతట అవే బయటికొస్తాయి. వారానికి 48 గంటల హద్దు 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ మొట్టమొదటి ఒప్పందంలోనే ఉంది. ఓవర్‌టైమ్ కలిపినా 60 దాటకూడదని ఎస్‌ఏ8000 లాంటి నియమావళులు చెబుతాయి. మీరు విన్న గంటలను ఈ రెండు అంకెలతో పోల్చుకోండి.

ఐదో అడుగు: ఆర్డర్ ఇచ్చే తీరు మార్చడం

ఒకే కాగితం. ఎడమవైపు మీ కంపెనీ మెయిల్స్ తేదీలు, కుడివైపు ఫ్యాక్టరీలో పని నడిచిన ఆదివారాలు. కొనుగోలు అధికారి ముందు పెట్టి, ఏమీ మాట్లాడకుండా చదవనివ్వండి. తర్వాత ఆర్డర్ షరతుల్లో మార్పులు రాయించండి: గుడ్డ రంగు ఖాయమయ్యాక మార్పు కోరితే డెలివరీ తేదీ కూడా దానంతట అదే జరగాలి. ధరలో కూలి భాగం విడిగా చూపాలి, బేరం దాని జోలికి పోకూడదు. డబ్బు ఎన్ని రోజుల్లో ఇస్తారో రాసి ఉండాలి. కొనుగోలు ఉద్యోగుల బోనస్ చవక ధర ఒక్కదాని మీదే లెక్కకట్టకూడదు. ఈ నాలుగో దాని దగ్గర గట్టిగా వాదన వస్తుంది. ఇది వదిలేస్తే మిగతా మూడూ నిలవవు, కాబట్టి యజమాని గదిలో ఉండగానే తేల్చుకోండి.

ఆరో అడుగు: లేబుల్

ఇప్పుడు రాయొచ్చు. 'పచ్చని', 'ప్రకృతి హితమైన' లాంటి మాటలు వద్దు. రుజువు లేని ఇలాంటి సాధారణ మాటలనూ, బయట కార్బన్ క్రెడిట్లు (వేరేచోట ఉద్గారాలు తగ్గించినందుకు ఇచ్చే పత్రాలు) కొని వస్తువును 'కార్బన్ న్యూట్రల్' అనడాన్నీ నిషేధించే యూరోపియన్ యూనియన్ ఆదేశం 2024లో వచ్చింది, 2026 సెప్టెంబర్ 27 నుంచి అమలు. కొలిచింది మాత్రమే చెప్పండి. ఆర్గానిక్ బట్టలకు ఉన్న అంతర్జాతీయ ప్రమాణం గాట్స్ కింద 'ఆర్గానిక్' అనాలంటే కనీసం 95 శాతం ఆర్గానిక్ నూలు ఉండాలి, కనీసం 70 శాతం ఉంటే 'ఇంత శాతం ఆర్గానిక్‌తో చేసింది' అనొచ్చు. అలా అంకెతో చెప్పిన మాటే లేబుల్ మీదికి ఎక్కాలి. రిపోర్టు 12 పేజీలు దాటకూడదు, ఈ ఏడాది చేయలేకపోయిన పనులు రెండో పేజీలోనే ఉండాలి.

ఆరు నెలలు గడిచాక అదే ఫ్యాక్టరీకి అదే సలహాదారుని మళ్లీ పంపండి. హాజరు రిజిస్టరు తర్వాత చూడొచ్చు, ముందు సూదుల రిజిస్టరు అడిగి ఆదివారాలు వెతకమని చెప్పండి.