కైలాసం వెళ్ళేవాళ్ళు ఇన్సూరెన్స్ పేపర్లో ఒక్క నంబర్ వెతకండి

మొన్న ఆదివారం రాత్రి మా అపార్ట్‌మెంట్ గ్రూప్‌లో మెసేజ్. కింద ఫ్లోర్ ఆంటీ వాళ్ళ అన్నయ్యగారు కైలాస పరిక్రమలో మొదటి రోజే, డిరాపుక్ చేరగానే ఊపిరాడక కూలబడ్డారట, జీపులో నేపాల్ బోర్డర్ ఊరు హిల్సా దాకా దించారట, అక్కడ హెలికాప్టర్ వాళ్ళు డబ్బు పడితేనే ఎక్కిస్తాం అంటున్నారట, ఇక్కడ పిల్లలు నాలుగు కార్డుల లిమిట్లు కూడి చూసుకుంటున్నారు. ఎవరో "ఇన్సూరెన్స్ చేయించారుగా ఆంటీ" అని అడిగితే ఆవిడ రిప్లై: "చేయించాం అమ్మా, ఎత్తు ఎక్కువైందంటున్నారు."

పోయిన సీజన్లో మా బాబాయ్‌కి వచ్చిన లెటర్లో కూడా ఇదే మాట, కాకపోతే ఇంగ్లీషులో. అందుకే రాస్తున్నా. బ్యాచ్‌లు బయల్దేరుతున్నాయి, మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఎవరో ఒకరు సూట్‌కేస్ సర్దుకుంటూనే ఉంటారు.

స్వెట్టర్లు, మంకీ క్యాపు, ఎత్తు పడకపోతే వేసుకునే డయామాక్స్ మాత్ర, నెమ్మదిగా నడవండి, నీళ్ళు తాగండి... ఇవి టూర్ వాడు వంద సార్లు చెప్తాడు, నేను చెప్పను. పాలసీ గురించే చెప్తా. అందులోనూ ఒక్క తప్పు గురించి ఎక్కువ చెప్తా, ఎందుకంటే నేను చూసిన నాలుగైదు కేసుల్లో మనుషులు మునిగింది దాని దగ్గరే.

ఆ తప్పు: పాలసీ తీసుకున్నారు, అందులో ఎన్ని మీటర్ల ఎత్తు వరకు అని రాశారో చూడలేదు.

మా బాబాయ్ కథే చెప్తా. ఆయనా పిన్నీ నేపాల్‌గంజ్ మీదుగా వెళ్ళారు. నేపాల్‌గంజ్ 150 మీటర్లు, మన బెజవాడలాగే ఉక్క. అక్కణ్ణుంచి చిన్న విమానంలో సిమికోట్, హెలికాప్టర్లో హిల్సా, బోర్డర్ దాటి టిబెట్‌లో తక్లాకోట్, అంటే రెండు మూడు రోజుల్లో 3,900 దగ్గరికి. మూడు వేలు దాటాక పడుకునే ఎత్తుని రోజుకి 500 మీటర్లకి మించి పెంచొద్దని డాక్టర్లు చెప్పే లెక్క, ఇక్కడ ఆ లెక్క మొదట్లోనే గాలికి పోయింది. బాబాయ్‌కి దగ్గు మొదలైంది మానససరోవరం ఒడ్డున రూములో. రాత్రి పడుకుంటే ఊపిరి అందట్లేదు, గోడకి ఆనుకుని కూర్చున్నారు, పిన్ని టార్చ్ వేసి చూస్తే పెదాలు నేరేడుపండు రంగులో ఉన్నాయట. ఊపిరితిత్తుల్లో నీరు. గైడ్ మంచివాడు, తెల్లారేదాకా ఆగకుండా అప్పుడే జీపెక్కించాడు, ప్రాణం దక్కింది. హిల్సా నుంచి హెలికాప్టరూ, హాస్పిటలూ, మళ్ళీ ఇంటికొచ్చే టికెట్లూ అన్నీ కలిపి ఐదు లక్షల ఎనభై వేలు.

పాలసీ ఉంది. లక్ష డాలర్ల కవరేజ్, మెడికల్ ఎవాక్యుయేషన్ కూడా ఉంది, పైన పెద్ద అక్షరాల్లో. క్లెయిమ్ పెట్టాం. ఆరు వారాలకి లెటర్: 4,500 మీటర్లకి పైన జరిగింది కాబట్టి వర్తించదు.

మానససరోవరం నీటిమట్టం 4,590 మీటర్లు. అంటే తొంభై మీటర్ల దగ్గర పోయింది. ఆయన పరిక్రమ మొదలే పెట్టలేదు, ఆ దారిలో అన్నిటికంటే ఎత్తైన కనుమ డోల్మా లా మొహం కూడా చూడలేదు, సరస్సు పక్కన రూములో దుప్పటి కప్పుకుని ఉన్న మనిషి.

ఇక్కడే అందరూ పొరపడతారు. "మేం పరిక్రమ చెయ్యమండీ, సరస్సు దర్శనం చేసుకుని వచ్చేస్తాం, మాకెందుకు ఆ ట్రెక్కింగ్ పాలసీ" అంటారు. ఒడ్డున నిలబడితేనే 4,590. పరిక్రమ మొదలయ్యే ఊరు డార్చెన్‌లో హోటల్ మంచం మీద పడుకున్నా 4,600 దగ్గర. పరిక్రమ చేస్తే మొదటి రాత్రి డిరాపుక్ సుమారు ఐదు వేలు, రెండో రోజు డోల్మా లా 5,630, అక్కడ గాల్లో ఆక్సిజన్ మన ఊళ్ళో దొరికేదాంట్లో సగం. కాబట్టి పాలసీలో ఉండాల్సింది మీరు పడుకునే చోటు ఎత్తు కాదు, మీరు కాలు పెట్టే అన్నిటికంటే పై చోటు ఎత్తు. పరిక్రమ ఉంటే 6,000 అని రాసున్నది తీసుకోండి. లేకపోయినా 5,000కి తక్కువది వద్దు.

అడుగుల గొడవ ఇంకోటి. మనకి ఎత్తంటే అడుగుల్లో చెప్తేనే బుర్రకెక్కుతుంది. ఏజెంట్ "పధ్నాలుగున్నర వేల అడుగుల దాకా కవర్ సార్" అంటే ఆకాశం అంత అనిపిస్తుంది, అది 4,420 మీటర్లు, సరస్సు కంటే కింద. మీటర్లని 3.28తో గుణించి చూస్కోండి. లద్దాఖ్ వెళ్ళేవాళ్ళకి కూడా ఇదే, ఖర్దుంగ్ లా కనుమ దగ్గర బోర్డు మీద ఏళ్ళ తరబడి 18,380 అడుగులని ఉండేది గానీ అసలు ఎత్తు 17,600 లోపే, 5,359 మీటర్లు. ముక్తినాథ్ వెళ్ళే పెద్దవాళ్ళూ, గుడి 3,700 పైనే, 3,000 లిమిట్ ఉన్న పాలసీ అక్కడ చిత్తు కాగితం.

సరే, ఆ నంబర్ ఎక్కడుంటుంది? మీకు మెయిల్లో వచ్చే రెండు పేజీల సర్టిఫికెట్‌లో ఉండదు, బ్రోషర్లో అసలే ఉండదు. పాలసీ వర్డింగ్ అని వేరే పీడీఎఫ్ ఉంటుంది, నలభై యాభై పేజీలు, లింకుగా ఇస్తారు, ఎవడూ తెరవడు. తెరవండి. సెర్చ్‌లో ఆల్టిట్యూడ్ అని కొట్టండి, మీటర్స్ అని కొట్టండి, తర్వాత ట్రెక్కింగ్, మౌంటెనీరింగ్, హజార్డస్, ఆఖర్న గైడ్ అని కొట్టండి. గైడ్ ఎందుకంటే కొన్ని పాలసీల్లో "తాళ్ళుగానీ గైడ్లుగానీ అవసరమయ్యే పర్వతారోహణ" వర్తించదు అని ఉంటుంది. టిబెట్‌లో గైడ్ లేకుండా బయటి దేశంవాళ్ళని తిరగనివ్వరు, కాబట్టి మీ గ్రూప్‌కి గైడ్ ఉండి తీరతాడు. నేను గుర్రమెక్కి వెళ్ళానండీ, పర్వతారోహణ కాదండీ అని తర్వాత మీరు వాదించుకోవాలి, క్లెయిమ్ డెస్క్‌లో కూర్చున్నవాడికి ఆ ఒక్క మాట చాలు.

ఇంకో తేడా గమనించండి. "ట్రెక్కింగ్ ఫలానా ఎత్తు వరకు" అని రాయడం వేరు, "ఫలానా ఎత్తుకి పైన జరిగే దేనికైనా వర్తించదు" అని రాయడం వేరు. మా బాబాయ్‌ది రెండోది. నడవకపోయినా పోయింది.

నంబర్ అసలు లేదనుకోండి, సంతోషించకండి. లేదంటే రేపు వాళ్ళకి అనుకూలంగా చదువుకుంటారని అర్థం. కంపెనీకే మెయిల్ పెట్టండి, ఏజెంట్‌కి కాదు: ఫలానా తేదీల్లో నేపాల్ మీదుగా చైనాలోని టిబెట్‌కి వెళ్తున్నాం, అత్యధిక ఎత్తు 5,630 మీటర్లు, ఎత్తు వల్ల వచ్చే జబ్బుకి ట్రీట్‌మెంటూ, హెలికాప్టరూ కవర్ అవుతాయా లేదా. అవునని రాతలో వస్తే కొనండి. "టర్మ్స్ అండ్ కండిషన్స్ ప్రకారం" అని వస్తే అది కాదు అనే. మా బాబాయ్ ఏజెంట్ వాట్సాప్‌లో పెట్టింది: "ఆల్ కవర్డ్ సార్", పక్కన బొటనవేలు బొమ్మ. ఆ బొటనవేలు ఖరీదు ఐదు లక్షల ఎనభై వేలు.

హెలికాప్టర్ సంగతి. ఎవాక్యుయేషన్ అనే మాట ఉంటే కొండ మీంచి తెస్తారని కాదు, చాలా వాటిల్లో ఒక హాస్పిటల్ నుంచి ఇంకా మంచి హాస్పిటల్‌కి మార్చడం అని అర్థం. ఉన్న చోటు నుంచి రెస్క్యూ చెయ్యడం అని విడిగా ఉందా, దానికి ఎంత లిమిట్ అని చూడాలి. పైగా నేపాల్ హెలికాప్టర్ బోర్డర్ దాటి టిబెట్‌లోకి రాదు. అటువైపు మీరు ఎక్కడ పడిపోయినా జీపులోనే బోర్డర్‌కి రావాలి, ఆ జీపు ఖర్చు కూడా పాలసీలో ఉందా? అడగండి.

నేపాల్ హెలికాప్టర్ బిల్లులంటే ఇన్సూరెన్స్ వాళ్ళకి ముందే అనుమానం. 2018లో అక్కడ దొంగ రెస్క్యూల గుట్టు బయటపడింది, తలనొప్పి వచ్చినవాణ్ణి కూడా ఎక్కించడం, నలుగుర్ని ఒకే ట్రిప్పులో తెచ్చి నలుగురికీ ఫుల్ బిల్లు వెయ్యడం, నేపాల్ ప్రభుత్వమే విచారణ చేయించింది. అవి చేసినవాళ్ళు బాగానే ఉన్నారు, నిజంగా ఊపిరాడని మన పెద్దాయన బిల్లుని ఇప్పుడు భూతద్దం పెట్టి చూస్తారు. అందుకే హెలికాప్టర్ పిలిచే ముందు కంపెనీ అసిస్టెన్స్ నంబర్‌కి ఫోన్ చేసి కేసు నంబర్ తీసుకోవాలి. పిలిచాక కాదు, ముందు. అక్కడ మీకు సిగ్నల్ ఉండదు, అందుకని ఆ నంబర్ గ్రూప్ లీడర్ దగ్గరా, ఇంట్లో పిల్లల దగ్గరా ఉండాలి, మీ పర్సులో ఉంటే లాభం లేదు. 1800తో మొదలయ్యేది నేపాల్ నుంచి కలవదు, విదేశాల నుంచి చేసే నంబర్ విడిగా ఇస్తారు. ప్రాణం మీదికొస్తే మాత్రం ముందు కిందికి దిగండి, పర్మిషన్ కోసం ఆగొద్దు, దిగుతూ ఫోన్ చేయించండి.

ఇంక మిగతావి వరసగా చెప్పేస్తా, ఒక పద్ధతిలో లేవు, గుర్తొచ్చినట్టు రాస్తున్నా.

- పాలసీ మీద నేపాల్, చైనా రెండూ ఉండాలి. పాస్‌పోర్ట్ అడగరు కదా అని నేపాల్‌ని మన పక్క జిల్లాలాగా చూస్తాం, మీ ఆఫీస్ హెల్త్ ఇన్సూరెన్స్ అలా చూడదు. అందులో చికిత్స ఇండియాలోనే అని ఉంటుంది, ఒకసారి తీసి చదవండి.

- బీపీ, షుగర్, స్టెంట్ – దాచొద్దు. పది వేలు ప్రీమియం తగ్గుతుందని దాచిన వాళ్ళకి మొత్తం క్లెయిమ్ పోయింది. చెప్పాక కూడా "ప్రాణాపాయం అయితేనే" అని షరతు ఉంటుంది, అదీ చదవండి.

- అరవై దాటితే సబ్ లిమిట్లు. లక్ష డాలర్లని పైన ఉంటుంది, లోపల రూముకి ఇంత, డాక్టర్‌కి ఇంత.

- తేదీలు. తిరిగొచ్చే రోజు మీద కనీసం వారం ఎక్కువ వేయించండి. 2018 జులైలో వాతావరణం బాగోక వెయ్యి మందికి పైగా భారతీయులు సిమికోట్, హిల్సాల్లో ఇరుక్కుపోయారు, ఎంబసీ వాళ్ళు తెలుగులో మాట్లాడే హెల్ప్‌లైన్ కూడా పెట్టాల్సొచ్చింది. 2025 జులై 8న వరదకి రసువాగఢీ దగ్గర నేపాల్-చైనా బోర్డర్ వంతెనే కొట్టుకుపోయింది, ఆ దారిలో, అంటే కేరుంగ్ రూట్లో వచ్చేవాళ్ళు అటుపక్కే ఆగిపోయారు. పాలసీ అయిపోయాక పొడిగించరు.

- ఇండియాలో ఉండగానే కొనండి. ఖాట్మండూ వెళ్ళి కొందాం అనొద్దు.

- "మా ప్యాకేజీలో ఇన్సూరెన్స్ ఉంది" అని టూర్ వాడంటే మీ పేరుతో సర్టిఫికెట్ చూపించమనండి. అది వాళ్ళ షేర్పాలకీ వంటవాళ్ళకీ చేయించినదై ఉండొచ్చు. మీ పేరు, మీ పాస్‌పోర్ట్ నంబర్, దాని మీదా మీటర్లు.

- పేరు. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, పాలసీలో పొడి అక్షరం ఒక్కటే ఉంటుంది. మార్పించండి.

- చైనా గ్రూప్ వీసా ఒకే కాగితం మీద అందరి పేర్లతో ఉంటుంది. ఒకరు మధ్యలో దిగాలంటే దాన్ని విడగొట్టాలి, టైమ్ పడుతుంది. తోడుగా దిగే మనిషి ఖర్చు పాలసీలో ఉందో లేదో చూడండి. పిన్ని టికెట్ మేమే పెట్టుకున్నాం.

- మందు తాగి ఉంటే క్లెయిమ్ లేదు. చలికి ఒక్క పెగ్గు అన్నా సరే.

- డాక్టర్ చీటీ మీద ఊరి పేరు, టైమ్, ఆక్సిజన్ రీడింగ్ రాయించండి. హెలికాప్టర్ బిల్లు మీద ఎక్కడ ఎక్కారు, ఎక్కడ దిగారు, ఎంతమంది ఉన్నారు. ఒరిజినల్స్ ఎవరికీ ఇవ్వొద్దు.

- ఖాళీ ఫారం మీద సంతకం పెట్టొద్దు. టూర్ వాడు అడిగినా.

- ప్రభుత్వ యాత్రలో వెళ్ళేవాళ్ళకి మెడికల్ టెస్టులు గట్టిగా చేస్తారు కాబట్టి ధీమాగా ఉంటారు. వాళ్ళు సంతకం పెట్టించుకునే కాగితాలు చదవండి: నోటరీ చేయించిన ఇండెమ్నిటీ బాండ్, హెలికాప్టర్ అవసరమైతే అండర్‌టేకింగ్, చనిపోతే చైనా వైపే దహనం చెయ్యడానికి ఒప్పుకోలు. మూడో కాగితం గురించి ఇంట్లో చెప్పి వెళ్ళండి.

- పీడీఎఫ్‌లో మీటర్లు ఉన్న పేజీని ప్రింట్ తీసి, ఆ లైన్ కింద గీత గీసి, ఇంట్లో ఫ్రిజ్ మీద అంటించి వెళ్ళండి. నవ్వకండి. అర్ధరాత్రి ఫోన్ వచ్చినప్పుడు పిల్లలు వెతుక్కోకూడదు.

- రిజెక్ట్ అయితే వదిలెయ్యొద్దు. ముందు కంపెనీ గ్రీవెన్స్ సెల్‌కి రాయండి, నెల ఆగండి, జవాబు రాకపోయినా నచ్చకపోయినా ఇన్సూరెన్స్ ఓంబుడ్స్‌మన్, అంటే ఇలాంటి ఫిర్యాదులు తేల్చే అధికారి దగ్గరికి. తెలుగు రాష్ట్రాలు రెంటికీ ఆఫీసు హైదరాబాద్‌లో ఉంది, ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు, కంపెనీ కాదన్న ఏడాదిలోపు వెయ్యాలి. మా బాబాయ్ ఫైల్ ఇప్పుడు అక్కడే ఉంది, మొదటి పేజీ ఆ బొటనవేలు స్క్రీన్‌షాట్, కలర్ ప్రింట్ తీయించారు.